లాస్ ఏంజెల్స్‌లో రెస్టారెంట్ వర్కర్లకు 800 డాలర్లు: ఎవరికి అందాయి, మన మున్సిపాలిటీలు ఇలా ఇవ్వగలవా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. కరోనా సమయంలో లాస్ ఏంజెల్స్ సిటీ పని పోయిన రెస్టారెంట్ వర్కర్లకు తలా 800 డాలర్లు ఇచ్చిందని ఎక్కడో చదివారు. ఆ డబ్బు ఎవరికి ఇచ్చారు, ఎలా పంచారు, నిజంగా అక్కరకొచ్చిందా, మన మున్సిపాలిటీలు కూడా అలా చేయగలవా అని అడిగారు. విజయవాడలో హోటల్ వర్కర్ల సంఘం పని చూస్తున్నానని కూడా అన్నారు కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను. నేను లాస్ ఏంజెల్స్ చుట్టుపక్కల చిన్న రెస్టారెంట్లకు పేరోల్, ట్యాక్స్ పనులు చేస్తాను. 2020లో ఆ రెస్టారెంట్లలో పనిచేసేవాళ్లే మా ఆఫీసుకు వచ్చి సాయం దరఖాస్తులు నింపించుకునేవారు.

ముందు సూటిగా జవాబు. అవును, ఇచ్చారు. 2020 డిసెంబర్‌లో, సుమారు 4,000 మందికి, ఒక్కసారి మాత్రమే. అందుకున్నవాళ్లకు ఆ నెల గడిచింది. అందనివాళ్లు అంతకు ఎన్నో రెట్లు ఉన్నారు. మన మున్సిపాలిటీలు చేయగలవా అంటే, చట్టం అడ్డు రాదు. డబ్బు కూడా రాష్ట్రం తలచుకుంటే దొరుకుతుంది. మన దగ్గర లేనిది హోటల్లో పనిచేసేవాళ్ల పేర్లున్న జాబితా. ఎందుకంటున్నానో చెప్తాను.

లాస్ ఏంజెల్స్‌లో 2020 మార్చి మధ్యలో రెస్టారెంట్లలో కూర్చుని తినడం ఆపేశారు. పార్సిల్, డెలివరీ మాత్రం ఉండేవి. మే చివర్లో తెరిచారు, జులై మొదట్లో లోపల కూర్చోబెట్టడం మళ్లీ ఆపారు. అప్పటినుంచి ఫుట్‌పాత్ మీద, పార్కింగ్ స్థలంలో టేబుళ్లు వేసుకుని నడిపారు. నవంబర్ 25న అది కూడా బంద్. అంటే ఒకే ఏడాదిలో సర్వర్లు, వంటవాళ్లు, గిన్నెలు కడిగేవాళ్లు రెండు మూడుసార్లు పనిలోకి వచ్చి, రెండు మూడుసార్లు ఇంటికి వెళ్లారు. మొదటిసారి పని పోయినప్పుడు ఫెడరల్ (అమెరికా కేంద్ర) ప్రభుత్వం నిరుద్యోగ భృతికి అదనంగా వారానికి 600 డాలర్లు కలిపింది. అది జులై ఆఖరుకు ఆగిపోయింది. నవంబర్‌లో మూడోసారి పని పోయేసరికి ఆ 600 లేదు, మిగిలిన ఫెడరల్ భృతి పథకాల గడువు డిసెంబర్ చివర్లో ముగుస్తోంది, కొత్త ప్యాకేజీ మీద కాంగ్రెస్‌లో, అంటే అమెరికా పార్లమెంటులో, ఇంకా బేరాలు సాగుతున్నాయి.

సరిగ్గా ఆ సందులో వచ్చింది 'సర్వ్' అనే ఈ కార్యక్రమం. అప్పటి మేయర్ ఎరిక్ గార్సెటి ప్రకటించారు. డిసెంబర్ 7 నుంచి 11 వరకు, అయిదు రోజులే దరఖాస్తులు. 18 ఏళ్లు దాటి ఉండాలి, సిటీ పరిధిలో నివాసం ఉండాలి, రెస్టారెంట్, బార్, ఫుడ్ స్టాండ్ లాంటి చోట పనిచేస్తూ కరోనా వల్ల ఇబ్బందిలో పడి ఉండాలి, అంతకుముందు ఏడాది ఆదాయం 58,450 డాలర్లు మించకూడదు. వీధిలో తిరిగి తినుబండారాలు అమ్ముకునేవాళ్లను కూడా చేర్చారు. అది నాకు చాలా నచ్చిన విషయం. వాళ్లకు యజమాని ఉండడు, పే స్టబ్ (జీతం చీటీ) ఉండదు. చాలా పథకాల్లో వాళ్ల ఊసే ఉండదు.

800 డాలర్లు అంటే అప్పటి లెక్కన మన డబ్బులో 58, 59 వేల రూపాయలు. వినడానికి పెద్ద మొత్తం. అప్పట్లో ఇక్కడ ఒక బెడ్‌రూమ్ ఇంటి అద్దెలో సగానికి కాస్త అటూ ఇటూ.

అదే ఏడాది అదే సిటీలో ఇంకో రెండు పథకాలు నడిచాయి, వాటితో పోల్చి చూస్తేగాని ఈ 800 సంగతి పూర్తిగా అర్థం కాదు. ఏప్రిల్‌లో 'ఏంజెలీనో కార్డు' వచ్చింది. కరోనాకు ముందే పేదరిక రేఖకు దిగువన ఉండి, తర్వాత ఆదాయం సగానికి సగం పడిపోయిన కుటుంబాలకు 700, 1,100, 1,500 డాలర్లు వేసిన ప్రీపెయిడ్ కార్డు ఇచ్చారు. వలస హోదా అడగలేదు. దరఖాస్తులు తీసుకున్నది మూడు రోజులే. మొదటిరోజే వెబ్‌సైట్, ఫోన్ లైన్లు కుప్పకూలాయి. 4 లక్షలకు పైగా జనం అప్లై చేస్తే, చివరకు కార్డులు అందినవి 37 వేలకు పైగా కుటుంబాలకు. జులైలో అద్దె సాయం ఇచ్చారు. మొత్తం 10.3 కోట్ల డాలర్లు, కుటుంబానికి 2,000 వరకు, నేరుగా ఇంటి ఓనరుకు వెళ్లేలా. ఇవేవీ రెస్టారెంట్ వర్కర్లకని పెట్టినవి కావు. అయినా మా ఆఫీసుకు వాటికోసం వచ్చినవాళ్లలో ఎక్కువమంది వంటింటి మనుషులే.

ఇప్పుడు పంపిణీలో నేను దగ్గర్నుంచి చూసిన చిక్కులు చెప్తాను. మీ సంఘానికి పనికొచ్చేవి ఇవే.

మొదటిది అడ్రస్. సాయం పనిచేసే చోటును బట్టి కాదు, ఉండే చోటును బట్టి. లాస్ ఏంజెల్స్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) 88 నగరాలున్నాయి, లాస్ ఏంజెల్స్ సిటీ అందులో ఒకటి. మన తెలుగువాళ్లు దోశలకు, మిఠాయిలకు, చీరలకు వెళ్లే ఆర్టీసియా వేరే నగరం. అక్కడ పనిచేసి అక్కడే నలుగురితో కలిసి గది తీసుకున్న వంటమనిషికి రూపాయి రాలేదు. అక్కడే పనిచేస్తూ, బస్సెక్కి సిటీలోని ఇంటికి వెళ్లే ఇంకొకతనికి అర్హత ఉంది. ఉత్తరాల మీద 'లాస్ ఏంజెల్స్' అని రాసుకునే కొన్ని ప్రాంతాలు కూడా సిటీలో లేవు, కౌంటీ కిందే ఉన్నాయి. అందుకే ఎవరొచ్చినా ఫారం తెరవకముందే సిటీ వెబ్‌సైట్‌లో వాళ్ల అడ్రస్ కొట్టి చూసేవాణ్ని. లేదని తేలితే ఆ మాట చెప్పడం కష్టంగా ఉండేది. ఒకే వంటింట్లో పక్కపక్కన నిలబడి ఉల్లిపాయలు తరిగే ఇద్దరిలో ఒకరికి వచ్చి ఒకరికి రాకపోతే, కారణం ఏ మ్యాప్ చూపించినా వాళ్లకు న్యాయంగా అనిపించదు.

రెండోది కాగితం. ఒకతని కేసు చెప్తాను. ఒక భారతీయ రెస్టారెంట్లో తందూరు దగ్గర ఏళ్ల తరబడి పనిచేశాడు. జీతంలో సగం చెక్కు, సగం చేతికి నగదు. పే స్టబ్ మీద వారానికి 18 గంటలే కనిపిస్తాయి, పనిచేసింది దానికి మూడింతలు. నిరుద్యోగ భృతిని కాగితం మీదున్న జీతాన్ని బట్టే లెక్కిస్తారు కాబట్టి అతనికి వచ్చింది చాలా తక్కువ. పూర్తిగా నగదు మీదే పనిచేసినవాళ్లకు అదీ లేదు. యజమాని ఇచ్చే నగదు నెలనెలా చేతికి బాగానే కనిపిస్తుంది, పని పోయిన రోజున దాని అసలు ఖరీదు తెలుస్తుంది. సిటీ పథకంలో మేలైన సంగతి, కాగితం మీద ఆదాయం తక్కువగా కనిపించినా ఇబ్బంది లేదు, రెస్టారెంట్లో పనిచేసినట్టు తెలిస్తే చాలు. పే స్టబ్ గానీ యజమాని రాసిచ్చిన ఉత్తరం గానీ లేనివాళ్లకే చిక్కొచ్చింది. మూతపడిన రెస్టారెంట్ ఓనరు ఫోనెత్తకపోతే ఆ ఉత్తరం ఎవరు రాస్తారు? కొందరికి యూనిఫామ్ వేసుకున్న ఫొటోలు, డ్యూటీ షెడ్యూల్ వచ్చిన వాట్సాప్ మెసేజ్‌లు ఫోన్లోంచి వెతికి తీయించాను.

మూడోది భయం. గ్రీన్ కార్డుకు అప్లై చేసినవాళ్లు, చేయబోయేవాళ్లు, ప్రభుత్వ సాయం తీసుకుంటే 'పబ్లిక్ చార్జ్' కింద, అంటే ప్రభుత్వం మీద ఆధారపడే మనిషి కింద లెక్కేసి కార్డు ఇవ్వరని వణికిపోయారు. ఆ నిబంధనను అంతకుముందు ఫిబ్రవరిలోనే కఠినం చేశారు, 2021 మార్చిలో ఎత్తేశారు. ఆ మధ్యకాలంలో అర్హత ఉండీ చాలామంది అప్లై చేయలేదు. ఎవరైనా అడిగితే ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒకసారి మాట్లాడమని పంపేవాణ్ని. అది నేను తేల్చి చెప్పగలిగే విషయం కాదు. ట్యాక్స్ గురించి మాత్రం ధైర్యంగా చెప్పేవాణ్ని. విపత్తు సమయంలో అవసరాన్ని బట్టి ప్రభుత్వం ఇచ్చే ఇలాంటి సాయం ఆదాయంగా లెక్కకు రాదు. నిరుద్యోగ భృతికి మాత్రం ట్యాక్స్ ఉంటుంది. ఈ తేడా తెలియక రెండిటినీ కలిపేసుకుని టెన్షన్ పడ్డవాళ్లు చాలామంది.

పత్రాలు లేని వలస కార్మికుల విషయం కూడా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడి వంటిళ్లు వాళ్ల భుజాల మీదే నడుస్తాయి. 2020 వసంతంలో ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చిన 1,200 డాలర్లు సోషల్ సెక్యూరిటీ నంబర్ (ఇక్కడ చట్టబద్ధంగా పనిచేసేవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే నంబర్) లేనివాళ్లకు రాలేదు. భార్యాభర్తలు కలిపి ట్యాక్స్ వేస్తే, ఒకరికి నంబర్ ఉన్నా రెండోవారికి లేకపోతే ఆ మొదటి విడతలో ఇద్దరికీ రాలేదు. పోనీ సిటీ తన ఖజానా నుంచి నగదు ఇద్దామంటే, 1996 నాటి ఒక ఫెడరల్ చట్టం అడ్డం వస్తుంది. రాష్ట్రం ప్రత్యేకంగా చట్టం చేసి అనుమతిస్తే తప్ప పత్రాలు లేనివాళ్లకు రాష్ట్ర, స్థానిక ప్రభుత్వాలు అలాంటి ప్రయోజనాలు ఇవ్వడానికి వీల్లేదంటుంది అది. దాతల డబ్బయితే ఈ చిక్కు లేదు. ఏంజెలీనో కార్డుకు వాడింది విరాళాల డబ్బే. సిటీ దరఖాస్తులు తీసుకుని, పంచే పని చూసింది. మీ సంఘం ఏదైనా మున్సిపాలిటీతో మాట్లాడేటప్పుడు ఈ పద్ధతి గుర్తుపెట్టుకోండి: డబ్బు ఎవరిదైనా, పంచే యంత్రాంగం స్థానిక ప్రభుత్వానిది కావచ్చు.

డబ్బు అందరికీ సరిపోక, అప్లై చేసినవాళ్లలోంచి లాటరీ తీసి ఎంపిక చేయడం అన్యాయం కాదా అని వేరేగా అడిగారు. నా అభిప్రాయం అడిగితే, ముందొచ్చినవాళ్లకు ముందు అనే పద్ధతి కన్నా లాటరీ ఎంతో మేలు. ముందొచ్చినవాళ్లకే ఇస్తే మంచి ఇంటర్నెట్, ఇంగ్లిష్, ఖాళీ సమయం ఉన్నవాళ్లే ముందుంటారు. గిన్నెలు కడిగే మనిషి పార్సిల్ డ్యూటీ ముగించుకుని రాత్రి పది గంటలకు ఫోన్ తీసేసరికి అంతా అయిపోతుంది. డబ్బు అందరికీ సరిపోదని ముందే తెలిసినప్పుడు గడువులోపు వచ్చిన పేర్లన్నీ ఒకచోట వేసి తీయడమే మర్యాద. అయితే గడువు మూడు రోజులు, అయిదు రోజులు అనడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. రెండు వారాలు పెట్టి ఉంటే ఏం పోయేది?

ఇంకో మాట, ఇది చాలామంది గమనించనిది. అమెరికాలో రెస్టారెంట్ల పేరిట ఇచ్చిన పెద్ద డబ్బు వర్కర్లకు కాదు, ఓనర్లకు. జీతాలు ఆగకుండా ఫెడరల్ ప్రభుత్వం వ్యాపారాలకు ఇప్పించిన పీపీపీ రుణాలు తీసుకున్నవాళ్లు మాఫీ కావాలంటే కనీసం 60 శాతం జీతాలకు ఖర్చుపెట్టాలనే షరతు ఉండేది, మొదట్లో అది 75 శాతం. 2021లో రెస్టారెంట్లకని ప్రత్యేకంగా పెట్టిన 2,860 కోట్ల డాలర్ల నిధి కూడా ఓనర్లకే వెళ్లింది. అప్లై చేసినవాళ్లలో సగం మందికి పైగా అందకుండానే అది ఖాళీ అయింది. ఓనర్లు కూడా మునిగిపోయారు, వాళ్ల లెక్కల పుస్తకాలు చూసేది నేనే కాబట్టి నాకు తెలుసు, వాళ్లకు సాయం చేయడం తప్పని నేననను. కానీ పీపీపీ డబ్బుతో జీతం అందాలంటే ఆ రెస్టారెంట్ తనను మళ్లీ పనిలోకి పిలవాలి. పిలవకపోతే? మనిషి చేతికే నేరుగా ఇచ్చిన 800 డాలర్లు చిన్నవే అయినా, ఓనరు దయతో పనిలేకుండా వచ్చాయి. దాని విలువ అది.

ఇక మన దగ్గరికి వద్దాం. కరోనాలో తెలంగాణ తెల్ల రేషన్ కార్డులకు 1,500 రూపాయలు, మనిషికి 12 కిలోల బియ్యం ఇచ్చింది. వలస కార్మికులకు 500, 12 కిలోల బియ్యం. ఆంధ్రప్రదేశ్ 1,000 రూపాయలు ఇచ్చింది. హైదరాబాద్‌లో అయిదు రూపాయల అన్నపూర్ణ భోజనం లాక్‌డౌన్‌లో ఉచితం చేశారు. ఇవి అందరు పేదలకూ. వృత్తిని బట్టి ఎవరికి ప్రత్యేకంగా వచ్చిందో చూడండి: ఆంధ్రప్రదేశ్‌లో ఆటో, క్యాబ్ డ్రైవర్లకు 10,000, టైలర్లకు, క్షురకులకు, రజకులకు 10,000. తెలంగాణలో 2021 ఏప్రిల్ నుంచి ప్రైవేట్ స్కూల్ టీచర్లకు నెలకు 2,000, 25 కిలోల బియ్యం. భవన నిర్మాణ కార్మికులకు చాలా రాష్ట్రాల్లో సంక్షేమ బోర్డుల నిధి నుంచి. వీధి వ్యాపారులకు కేంద్రం 10,000 రూపాయల అప్పు.

వీళ్లందరిలో కామన్‌గా ఉన్నదేమిటో చూడండి. డ్రైవర్‌కు లైసెన్సు, బండికి ఆర్సీ ఉంది. టీచర్ల పేర్లు స్కూల్ రికార్డుల్లో ఉన్నాయి. నిర్మాణ కార్మికులకు 1996 చట్టం ప్రకారం అప్పటికే బోర్డు, సెస్సు, గుర్తింపు కార్డు ఉన్నాయి. వీధి వ్యాపారులకు 2014 చట్టం కింద సర్వే జరిగింది. టిఫిన్ బండి నడిపేవాడికి అప్పు దొరికింది, ఆ పక్కనే పెద్ద హోటల్లో ప్లేట్లు తీసే కుర్రాడికి ఏమీ దొరకలేదు. మున్సిపాలిటీ దగ్గర హోటల్ ట్రేడ్ లైసెన్స్ ఉంటుంది, అందులో ఓనరు పేరు ఉంటుంది. ఆహార భద్రత లైసెన్స్ కూడా అంతే. లోపల ఎంతమంది పనిచేస్తున్నారు, వాళ్లెవరు అన్నది ఆఫీసులో ఎవరికీ తెలియదు.

గుంటూరులో మా బావగారికి టిఫిన్ హోటల్ ఉంది. లాక్‌డౌన్ తర్వాత ఒకసారి వెళ్లినప్పుడు ఆయన హాజరు పుస్తకం చూశాను. పొడుగాటి నోట్‌బుక్, గీతలు చేత్తో కొట్టినవి. పేర్ల వరసలో 'దోశ మాస్టర్', 'చట్నీ అబ్బాయి', 'ఒరిస్సా పెద్దోడు', 'కొత్త సప్లయర్' అని ఉన్నాయి. పక్కన అడ్వాన్సుల లెక్క మాత్రం పైసలతో సహా ఉంది. బావగారు మంచివారు, మూసిన రోజుల్లో కూడా అందరికీ వండిపెట్టారు. కానీ రేపు మున్సిపల్ కమిషనర్ వచ్చి, 'మీ వర్కర్లకు తలా అయిదు వేలు ఇస్తాం, పేర్లు, ఆధార్, బ్యాంకు ఖాతాలు ఇవ్వండి' అంటే ఆ పుస్తకంలోంచి ఏమిస్తారు?

మున్సిపాలిటీకి అధికారం లేదనే వాదన వింటే ఒప్పుకోకండి. రాజ్యాంగం పన్నెండో షెడ్యూల్‌లో మున్సిపాలిటీలకు అప్పగించదగ్గ పనుల్లో పట్టణ పేదరిక నిర్మూలన, బలహీన వర్గాల ప్రయోజనాల రక్షణ రెండూ ఉన్నాయి. సొంత ఆదాయం తక్కువ, రాష్ట్రం వైపు చూడక తప్పదు, అది నిజం. జాబితా తయారుచేయడానికి మాత్రం పెద్ద డబ్బు అక్కర్లేదు.

కాబట్టి మీ సంఘం అడగాల్సింది నా దృష్టిలో ఇదీ: ట్రేడ్ లైసెన్స్ ఏటా రెన్యూవల్ చేసేటప్పుడు, హోటల్లో పనిచేసేవాళ్ల పేర్ల జాబితా జతచేయాలని కార్పొరేషన్‌ను అడగండి. ఓనర్లు భయపడతారు, పీఎఫ్ వాళ్లు, లేబర్ ఆఫీసు వాళ్లు మీద పడతారని. అందుకని ఆ జాబితాను విపత్తు సాయానికి తప్ప వేరే దేనికీ వాడబోమని రాతపూర్వకంగా హామీ అడగండి. ఇక్కడ వలస హోదా అడగకపోవడం వల్లే జనం ముందుకొచ్చారు. అక్కడ ఓనర్లు ముందుకు రావాలన్నా అలాంటి హామీయే కావాలి. ఈలోపు సంఘమే ఒక రిజిస్టర్ పెట్టొచ్చు: పూర్తి పేరు, సొంత ఊరు, ఎక్కడ పని, ఏ పని, ఎప్పటినుంచి, బ్యాంకు ఖాతా. ఒరిస్సా, బెంగాల్, అస్సాం నుంచి వచ్చినవాళ్లను తప్పకుండా రాయండి, వాళ్ల రేషన్ కార్డు ఇక్కడిది కాదు కాబట్టి మొదట జారిపోయేది వాళ్లే.

రెండు పాత దారులు కూడా ఉన్నాయి, వాడుకోండి. 2021 ఆగస్టులో మొదలైన ఈ-శ్రమ్ పోర్టల్‌లో 16 నుంచి 59 ఏళ్ల అసంఘటిత కార్మికులు పేరు నమోదు చేసుకోవచ్చు, వృత్తి దగ్గర హోటల్ పని అని స్పష్టంగా వేయించండి. ఈఎస్ఐ, పీఎఫ్ ఉన్నవాళ్లు అందులోకి రారు. అలా ఈఎస్ఐ ఉన్నవాళ్లకు వేరే దారి ఉంది. పని పోతే సగటు జీతంలో సగం, గరిష్ఠంగా 90 రోజులకు ఇచ్చే అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన. అంతకుముందు పావు వంతే ఉండేది, కరోనాలో 50 శాతం చేశారు. యజమాని ద్వారా కాకుండా నేరుగా ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసులో క్లెయిమ్ పెట్టుకునేలా మార్చారు, గడువు కూడా తర్వాత పొడిగిస్తూ వచ్చారు, ఇప్పుడు అమల్లో ఉందో లేదో అక్కడే అడగండి. పదిమంది, అంతకన్నా ఎక్కువ పనిచేసే హోటళ్లు ఈఎస్ఐ కిందికి వస్తాయి. మీ దగ్గర పెద్ద హోటళ్లలో నెలకు 21,000 లోపు జీతం ఉన్న సర్వర్లు, మాస్టర్లు చాలామంది ఉంటారు కదా, జీతంలో కట్ అవుతోందో లేదో ముందు అది చూడమనండి. చందా కట్టిన రోజుల లెక్క ఉంటేనే ఆ భృతి వస్తుంది.

మీ సంఘంలో ఈఎస్ఐ ఉన్నవాళ్లు సుమారు ఎంతమంది, లేనివాళ్లు ఎంతమందో ఇక్కడ రాయండి. రిజిస్టర్‌లో ఏ గడులు పెట్టుకుంటే బాగుంటుందో ఒక నమూనా తయారుచేసి పెడతాను.